ఊఁ కొట్టే కాటమయ్య

అనగనగా ఒక కాలం. ఏ కాలమంటే, జొన్నలు కొలిచే మానికలకు ఇంకా సొట్టలు పడని కాలం. ఆ కాలంలో ఎర్రరాళ్ల సీమలో ఒక సంత. ఆ సంతలో పాట పాడే తిరుపాలమ్మ.

తిరుపాలమ్మ తంబుర పట్టుకుంటే, చెల్లెలు లింగక్క గుమ్మెట కొట్టేది. గుమ్మెటంటే మట్టికుండ మూతికి తోలు బిగించిన వాద్యం. సంతలో బేరాలు సద్దుమణిగి, ఎండ పడమటికి వాలే వేళకు అక్కచెల్లెళ్లిద్దరూ కథ ఎత్తుకునేవాళ్లు. పొద్దు గుంకేలోపల ముగించేవాళ్లు. విన్నవాళ్లు తలా పిడికెడు జొన్నలు పోసి ఇళ్లకు పోయేవాళ్లు.

ఆ వినేవాళ్లలో ఒకడు కాటమయ్య. అరిగిపోయిన తిరగళ్లకు ఉలితో గంట్లు కొడుతూ ఊరూరా తిరిగేవాడు. ఒంటినిండా రాతిపొడి. దూరం నుంచి చూస్తే మనిషి నడిచొస్తున్నాడో, పిండిబస్తా నడిచొస్తోందో తెలిసేది కాదు. అతని ఆస్తి ఒక సుత్తి, ఒక ఉలి, ఒక దగ్గు.

ఇంకొకటి కూడా ఉండేది. ఊఁ.

కథ చెప్పేవాళ్లకు వినేవాళ్లు ఊఁ కొట్టాలి కదా. అందరూ కొడతారు. కాటమయ్య కొట్టినట్టు ఎవరూ కొట్టలేరు. రాజు యుద్ధానికి కదిలితే, గుర్రం సకిలించినట్టు "ఊఁ!" తల్లికి బిడ్డ దూరమైతే, బావిలోకి చేద దిగినట్టు "ఊఁ..." మంత్రి మరీ తియ్యగా మాట్లాడితే, కనుబొమ్మ పైకెత్తి "ఊఁ?" ఆ మూడో ఊఁకి సంతంతా నవ్వేది. మంత్రి దొంగని రాజుకంటే ముందే అందరికీ తెలిసిపోయేది.

ఆ ఊఁ మీద కాలు మోపి తరువాతి మాటకు ఎక్కడం తిరుపాలమ్మకు అలవాటు. అదంతా తన గొంతు గొప్పే అనుకునేది. పాడేవాళ్లకు ఆమాత్రం ఉంటుందిలెండి.

పాడేది ఇద్దరు, తినేది ఐదుగురు. వానొస్తే గుమ్మెట తోలు మెత్తబడి చప్పుడు చచ్చేది. ఆ రోజు ఇంట్లో పొయ్యి కూడా చల్లగానే ఉండేది. అలాంటి ఒక వానరోజున మారెప్ప వచ్చాడు. మారెప్పకు పెద్ద డేరా ఉంది.

"తిరుపాలమ్మా, నీ పాట తడవకూడదు. నా డేరాలో పాడు. వాకిట్లో కొలపాత్ర పెట్టుకొని నేను కూర్చుంటా. వచ్చిందాంట్లో సగం నీకు, సగం డేరాకు."

"డేరా జొన్నలు తింటుందా మారెప్పా?" అంది లింగక్క.

"దాని బదులు నేను తింటా కదమ్మా."

నవ్వుకున్నారు. ఒప్పుకున్నారు.

పిడికెడు పోయి సోలెడయింది. కాటమయ్య కొలపాత్ర వంక చూసి, తిరుపాలమ్మతో "ఏం చెల్లెమ్మా, పాట ఒళ్లు చేసిందే!" అన్నాడు.

"నేనేం చేసేదన్నా? డేరా నాది కాదు కదా."

కాటమయ్య ఆ పూట సంగటి మానుకున్నాడు. సోలెడు పోశాడు. లోపలికొచ్చి ఊఁ కొట్టాడు.

సోలెడు పోయి మానికెడయింది. గుంజలకింత, తాళ్లకింత, వాకిట్లో కర్ర పట్టుకున్న మనిషికింత అని మారెప్ప లెక్క.

"ఏం చెల్లెమ్మా, రాళ్లు కొట్టుకునేవాణ్ని. మానికెడు యాడ తెచ్చేది?"

"నేనేం చేసేదన్నా? డేరా నాది కాదు కదా."

కాటమయ్య బయటే కూర్చున్నాడు, డేరా గుడ్డకు వీపు ఆనించి. లోపలి నుంచి చూస్తే గుడ్డ అక్కడ ఉబ్బెత్తుగా కనిపించేది. అక్కడి నుంచే ఊఁ వచ్చేది. తిరుపాలమ్మ ముందు వరుస వైపు కాక ఆ ఉబ్బెత్తు వైపే చూస్తూ పాడేది.

మానికెడు పోయి కుంచెడయింది. పైగా మారెప్ప, "బయట ఒకడు ఊరికే వింటుంటే కుంచెడు పోసినవాళ్లకు కడుపు మండదా?" అని, డేరాకు ఇరవై అడుగుల అవతల చుట్టూ ముళ్లకంప వేయించాడు.

తరువాతి సంత రోజు పొద్దున తిరుపాలమ్మ వాగులో చెలమ దగ్గర నీళ్లు ముంచుకుంటుంటే కాటమయ్య వచ్చాడు.

"చెల్లెమ్మా, నన్ను కంప లోపలికి రానిమ్మని మారెప్పకు ఒక మాట చెప్పు. వినడానికి కాదులే, నీ కథలన్నీ నాకు నోటికొచ్చు. ఊఁ కొట్టేసి పోతా."

ఇతను లేకపోతే పాడనని మారెప్పతో చెప్పేద్దామని తిరుపాలమ్మకు నోటిదాకా వచ్చింది. ఇంట్లో ఐదు కంచాలు గుర్తొచ్చాయి.

"నేనేం చేసేదన్నా? డేరా..."

మాట పూర్తి కానివ్వలేదు కాటమయ్య. "ఊఁ" అన్నాడు. ఆ మూడు ఊఁలలో ఏదీ కాదది. అలాంటిది ఆమె ఎప్పుడూ వినలేదు. ఉలి సంచి భుజానికెత్తుకొని, దగ్గుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం డేరా ముందు వరుసలో పెద్దమనుషులు కూర్చున్నారు. ఒకాయన కొత్త కండువా చూపించుకోవడానికి వచ్చాడు. ఇంకొకాయన ఆ కండువా ఎంతకు కొన్నాడో అడగడానికి వచ్చాడు. మూడో ఆయన నిద్రపోవడానికి వచ్చాడు. గురక శ్రుతిలోనే ఉంది కాబట్టి ఎవరూ లేపలేదు.

తిరుపాలమ్మ కథ ఎత్తుకుంది. ఊఁ రావలసిన చోట ఆగింది. రాలేదు. చీకట్లో లేని మెట్టు మీద కాలేసినట్టు తూలింది. రాణి పేరు మర్చిపోయింది.

మారెప్ప కంగారుపడి మరుసటి వారం ఒక జీతపు ఊఁగాణ్ని తెచ్చి కూర్చోబెట్టాడు. రాకుమారుడు పుడితే వాడు ఊఁ అన్నాడు. రాజు చస్తే ఊఁ అన్నాడు. తిరుపాలమ్మ దగ్గితే దానికీ ఊఁ అన్నాడు.

మనుషులు తగ్గారు. మనుషులు తగ్గారని మారెప్ప కొలత పెంచాడు. కొలత పెరిగిందని ఇంకా తగ్గారు. చివరికి గురకాయన ఒక్కడే మిగిలాడు. ఒకరోజు ఆయన కూడా ఇంట్లోనే పడుకున్నాడు. మారెప్ప డేరా విప్పేసి, పెళ్లిళ్లకు అద్దెకిచ్చుకుంటానని బండెక్కాడు. "నీ పాటకు కాలం కలిసిరాలేదు తిరుపాలమ్మా" అన్నాడు పోతూ పోతూ, పాపం నిజంగా బాధపడుతూనే.

ఇప్పుడు డేరా లేదు. డేరా నాది కాదనడానికీ లేదు. తిరుపాలమ్మ తంబుర భుజానేసుకొని కాటమయ్యను వెతుక్కుంటూ బయల్దేరింది.

మొదటి ఊళ్లో, "తిరగలి అరిగి మూణ్నెల్లయింది, ఆ మనిషి జాడే లేదు" అన్నారు. రెండో ఊళ్లో, "వస్తే మా వైపు పంపమ్మా, పిండి బరకబరకగా పడుతోంది" అన్నారు. మూడో ఊళ్లో, రాళ్లగుట్ట పక్కన, ఒక గుడిసె చూపించారు. గడప లోపల కాటమయ్య పెళ్లాం నరసక్క జొన్నలు విసురుతోంది.

"అన్న లేడా వదినా?"

"పోయె వదినా. నెలయింది. దగ్గు ఎత్తుకపోయె."

తిరుపాలమ్మ గడపలోనే కూలబడింది. నరసక్క తిరగలి ఆపలేదు.

"సంత రోజొస్తే మనిషి ఒక చోట నిలిచేవాడు కాదు. కథ చెప్పవే, కథ చెప్పవే అని నా ప్రాణం తీసేవాడు. నాకేం కథలొస్తాయి? కడాకు ఆ రోజు, పక్కింటి మేక గుడిసె మీదికెక్కిన సంగతి చెప్తిని. ఊఁ అన్నాడు. కప్పు మీద గడ్డంతా పీకి తినె అంటిని. ఊఁ అన్నాడు. దాన్ని దించబోయి వాళ్లాయన ఎక్కితే, మేక దిగె, ఆయన దిగలేకపాయె అంటిని." నరసక్కకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. "ఊఁ అనలేదు. తిరిగి చూస్తిని."

తిరుపాలమ్మ తంబుర ఎత్తుకుంది. "అన్న కోసం పాడతా వదినా."

"ఇప్పుడా?" అంది నరసక్క.

కోపంగా అనలేదు. ఉత్తగానే అంది. ఇంకో పిడికెడు జొన్నలు తిరగలి నోట్లో పోసింది.

తిరుపాలమ్మ పాడింది. తల్లికి బిడ్డ దూరమయ్యే కథ. ఊఁ రావలసిన చోట ఆగింది. తిరగలి చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆగే ఉంది. ఎండ గడప దిగిపోయింది. ఆమె తంబుర దించి, నరసక్క పాదాలకు మొక్కి, లేచి వెళ్లింది. మళ్లీ సంతలో, డేరా లేకుండా, పిడికెడు జొన్నలకే పాడుకుంది. వానరోజుల్లో మళ్లీ పస్తులున్నారు. కానీ ఆ ఒక్క కథ మాత్రం ఆమె బతికినన్నాళ్లూ ఆ చోటు దాటి ముందుకు పోలేదు. ఆ బిడ్డ తల్లిని చేరలేదు.

ఇప్పటికీ ఎర్రరాళ్ల సీమలో ఎవరు పాట పెట్టినా, ఎంత పెద్ద డేరా వేసినా, టిక్కెట్టు ఎంత పెట్టినా, మొదట ఒక పక్క గుడ్డ పైకెత్తి కడతారు. పాడేవాళ్లు బయటికి చూసి, "కాటమయ్యా, ఉన్నావా?" అని కేకేస్తారు. టిక్కెట్టు కొనలేక బయట నిలబడ్డవాళ్లు ఊఁ అనాలి. అప్పుడే గుమ్మెట మీద చెయ్యి పడుతుంది. ముందు వరుస పెద్దమనుషులు తొందరపడి ఊఁ అంటే చెల్లదు.

ఈమధ్య చాలాసార్లు బయట కూడా ఎవరూ ఉండటం లేదట. అప్పుడు తంబుర ఒళ్లో పెట్టుకొని అలా కూర్చుంటారు, ఆ దారిన గొర్రెలు తోలుకుపోయేవాడెవడో ఆగి, వీళ్లంతా తనకేసి ఎందుకు చూస్తున్నారో అర్థం కాక, "ఊఁ?" అని అడిగేదాకా.