నల్లబడ్డ కాలువ

అనగనగా ఒక రాజు, ఆ రాజుకో పట్నం, ఆ పట్నానికో మురుగుకాలువ. మురుగుకాలువకు కథేమిటని ముక్కు మూసుకోకండి. ముందు వినండి.

పట్నం పేరు ఏటిగడ్డ. కాలువ కోట దగ్గర మొదలై, గానుగల వీధి, కమ్మరి వీధి, అద్దకపు వీధి దాటి, ఊరి కింద ఆకుకూరల మళ్ళలోకి పారేది. ఆ మళ్ళలో పండిన కూరే ఊరంతా తినేది. అందుకని విజయార్క మహారాజు ఒక కట్టడి చేశాడు.

"స్నానాల నీళ్ళు, వంటింటి నీళ్ళు, బట్టలు జాడించిన నీళ్ళు కాలువలోకి వదలొచ్చు. రంగు, నూనె, సున్నం, లోహాలు కడిగిన నీళ్ళు ఎవరి గుంటలో వాళ్ళు ఇంకించుకోవాలి. తప్పినవాళ్ళ తూము రాయి పెట్టి మూసేస్తాం."

అద్దకపు వీధిలో బుచ్చెమ్మ ఉండేది. చీరల మీద పూలు అద్దడంలో చెయ్యి తిరిగిన మనిషి. మొగుడు పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఆ పనితోనే సాకుతోంది. రంగునీళ్ళు చుక్క కూడా బయటికి పోనిచ్చేది కాదు. కరక్కాయ నీళ్ళలో నానిన బట్ట జాడించాక మిగిలే లేత పసుపు నీళ్ళు మాత్రం వదిలేది. వాటివల్ల ఏ హానీ లేదని కాలువ అధికారి పెద్దిరాజే ఒప్పుకున్నాడు.

ఒక భాద్రపద మాసంలో కాలువ నల్లబడింది. అదీ సరిగ్గా అద్దకపు వీధి దాటగానే, సిరా పోసినట్టు. మళ్ళలో బచ్చలి వాడిపోయింది, గోంగూర మాడిపోయింది.

ఇంకేముంది, ఊళ్ళో వేళ్ళన్నీ అద్దకపు వీధి వైపే లేచాయి. కూరలమ్మే గంగులు బుచ్చెమ్మ బుట్టలో ఒక్క కట్ట వెయ్యలేదు. బావి దగ్గర ఆడవాళ్ళు ఆమెను చూడగానే మాటలు ఆపేశారు. ఆమె పిల్లల్ని ఎవరూ ఆటకు పిలవలేదు.

పెద్దిరాజు వచ్చి గడపలో నిలబడ్డాడు. "మూడు రోజులు గడువు. ఈలోగా నలుపు ఆగకపోతే మీ వీధి తూము మూసేస్తాం. నీళ్ళు పోయే దారి లేకపోతే అద్దకం సాగదు. మీ పదిహేడు ఇళ్ళవాళ్ళూ ఊరు వదలాల్సిందే."

"అయ్యా, మా ఇంట్లో నల్లరంగు కలిపి రెండు నెలలైంది."

"ఆ మాట నాకు చెప్పి ఏం లాభం? కాలువ చెప్పాలి."

ఊరు అనుమానిస్తుంటే బుచ్చెమ్మకూ అనుమానం అంటుకుంది మరి. మొదటిరోజు పక్కింటి లచ్చుమమ్మ మీద. మెల్లగా గోడెక్కి ఆమె గుంటలోకి తొంగిచూసింది. గుంట నిండుగా, చెక్కుచెదరకుండా ఉంది. రెండోరోజు కమ్మరి కనకాచారి మీద. అతని కొలిమి ముందు పొద్దుటినుంచీ నిలబడింది.

"ఏం కావాలక్కా?" అన్నాడు కనకాచారి.

"ఏం లేదు."

"ఏం లేకుండా ఇంతసేపా? నా తూములో రంగు పొయ్యడానికి రాలేదు కదా?"

ఆమెకు ఒళ్ళు మండింది. కానీ కొలిమి ముందు పడి ఉన్న ఇనుప రజను చూడగానే మాట ఆగిపోయింది. కరక్కాయకు ఇనుము తగిలితే నలుపే. అద్దకంవాళ్ళు నల్లరంగు చేసేదే అలాగ. అంటే పైనుంచి ఇనుము కరిగిన నీళ్ళు వస్తున్నాయి. చూడ్డానికి అవీ తేటగానే ఉంటాయి. తన కరక్కాయ నీళ్ళు కలిసిన చోట నల్లబడుతున్నాయి. దొంగ దొరికాడనుకుంటూ ఇంటికి వెళ్ళింది.

మూడోరోజు రాజే వచ్చాడు. వెనకాల తాపీవాళ్ళు రాయి మోసుకొచ్చారు. బుచ్చెమ్మ ఒక తెల్లగిన్నె, కుండెడు కరక్కాయ నీళ్ళు పట్టుకుని దండం పెట్టింది.

"మహారాజా, రాయి పెట్టేముందు ఒక్క పరీక్ష చూడండి."

గిన్నెలో బావినీళ్ళు పోసి కరక్కాయ నీళ్ళు కలిపింది. పసుపుగానే ఉన్నాయి. తన వీధికి పైన కాలువ మీదున్న మూతరాయి తీయించి, అక్కడి నీళ్ళు ముంచి కలిపింది. కాటుకలా నల్లబడ్డాయి. జనం గబుక్కున కనకాచారి వైపు తిరిగారు. అతని మొహం పాలిపోయింది.

కమ్మరి వీధికి పైన ముంచింది. అక్కడా నలుపే. బుచ్చెమ్మకు సిగ్గేసింది. "తమ్ముడూ, నేనూ నిన్నే అనుకున్నాను. తప్పైపోయింది" అంది. గానుగల వీధికి పైన ముంచింది. అక్కడా నలుపే.

పెద్దిరాజు నుదురు తుడుచుకున్నాడు. "ఇక చాలు బుచ్చెమ్మా. ఇంతకు పైన ఎవరూ లేరు."

"ఉన్నారయ్యా. కోట ఉంది."

ఆమె గిన్నె మాత్రం వదల్లేదు. రాజు ఆమెను తేరిపార చూశాడు. తన కోటనే అనుమానిస్తుందా అని కోపం వచ్చింది, నిజమేనేమోనని భయమూ వేసింది.

"పద," అన్నాడు.

కోట తూము దగ్గర ముంచిన నీళ్ళు అన్నిటికన్నా నల్లబడ్డాయి. ఆయుధశాల పెద్ద సింగనాయకుణ్ణి పిలిపించారు. అతను చేతులు కట్టుకుని చెప్పాడు. "ప్రభూ, దసరా పూజకని పాత కత్తులన్నీ పులిసిన గంజిలో నానబెట్టి తుప్పు వదిలిస్తున్నాం. గంజేగా, వంటింటి నీళ్ళే కదా అని వదిలేశాం. కోట తూము ఎవరు చూస్తారులే అనుకున్నాం."

రాజు తాపీవాళ్ళ వైపు తిరిగాడు. "రాయి ఇక్కడ పెట్టండి."

ఆయుధశాలకు గుంట తవ్వి ముగించేదాకా, నెలరోజులు, రాజుగారి స్నానం నీళ్ళు కూడా బిందెలతో మోసి ఊరవతల పారబోశారు. మళ్ళీ బచ్చలి చిగిర్చింది. గంగులు మొదటి కట్ట తీసుకొచ్చి బుచ్చెమ్మ గడపలో పెట్టి, తల దించుకుని వెళ్ళాడు.

కాబట్టి పిల్లలూ, తప్పును కనబడిన చోట కాదు, పుట్టిన చోట వెతకాలి. కట్టడి చేసినవాడు ముందు తన తూము చూసుకోవాలి.