ఊరగాయ బానలో వెలసిన బరువులమ్మ

గోదావరి రెండు పాయలుగా చీలిన చోట, ఆ పాయల నడుమ ఉన్న బరువులమ్మలంకకు నేటికీ వంతెన లేదు. భక్తులు రేవులో పంటు ఎక్కి రావాలి. ఒడ్డు దిగి కొబ్బరితోటల వెంట కొంత దూరం నడిస్తే ఎర్ర పెంకుల వంటిల్లు ఒకటి కనిపిస్తుంది. గుడి ఎక్కడని ఎవరినీ అడగనక్కరలేదు, అదే గుడి. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. లోపల నడుము ఎత్తు మట్టిబాన, బాన నిండా ఉప్పునీటి ఊట, ఊటలో మునిగిన నల్లని గుండ్రాయి ఉంటాయి. ఆ రాయే శ్రీ బరువులమ్మ తల్లి. తక్కిన క్షేత్రాలలో కాళ్ళూ చేతులూ కడుక్కుని తడితోనే లోపలికి వెళతాము. ఇక్కడ గడప దగ్గర వేలాడే తువ్వాలుతో చేతులు పొడిగా తుడుచుకోనిదే పూజారిణి లోపలికి రానివ్వదు. ఎంతటివారైనా ఈ విషయంలో ఆమెతో వాదించి నెగ్గలేరు. అమ్మవారి ప్రసాదం ఊరిన మామిడిముక్క.

పూర్వం ఇక్కడ ముప్పై గడపల పల్లె ఉండేది. దానిని నడిమిలంక అనేవారు. ఆషాఢంలో వరద వస్తే మూడు నెలలపాటు అవతలి ఒడ్డుతో రాకపోకలు తెగిపోయేవి. ఇళ్ళలో బియ్యం, నూకలు ఉండేవి గాని కూర అన్న మాటే ఉండేది కాదు. అన్నంలోకైనా గంజిలోకైనా వేసవిలో పెట్టుకున్న ఊరగాయే దిక్కు. అందుచేత ఆ లంకలో ఇల్లాలి హస్తవాసికి ఉన్న విలువ ఆమె మెడలోని బంగారానికి ఉండేది కాదు.

అచ్చాయమ్మ ఆ ఊరి కోడలు. హస్తవాసిలో ఆమె సంపాదించుకున్నది చెడ్డపేరే. కాపురానికి వచ్చిన ఏడు ఆవకాయ పెడితే బూజు పట్టింది. మరుసటి ఏడు నిమ్మకాయ పెడితే అదీ బూజు పట్టింది. ఆమె అత్త మాణిక్యమ్మ ఊరగాయల విషయంలో లంకకంతటికీ పెద్ద. అంతటి మనిషి కోడలి చెయ్యి మంచిది కాదని ఒక ఇంట అన్న మాట సాయంత్రానికల్లా ముప్పై ఇళ్ళకూ పాకింది. పెళ్ళివంటల దగ్గర అచ్చాయమ్మను ఉప్పు అందించమని కూడా ఎవరూ అడిగేవారు కారు. ఆమె కొన్నాళ్ళు ఏడ్చింది, కొన్నాళ్ళు అలిగింది, ఆపైన రెండూ మానేసి పట్టుదలకు దిగింది. ఎప్పటికైనా ఈ చేత్తోనే ఊరికి ఊరగాయ పెట్టి తినిపించాలని నిశ్చయించుకుంది.

మూడో ఏడు వైశాఖ పున్నమినాడు పెద్ద గాలివాన పట్టింది. చెట్టు మీది మామిడికాయలన్నీ నేలరాలాయి. నువ్వుల కుప్పలు నానిపోయి గానుగ ఆడలేదు, ఊళ్ళో చుక్క నూనె లేదు. రాలిన కాయ ఊరగాయకు పనికిరాదని అందరికీ తెలుసు. అయినా గత్యంతరం లేక ఉన్నంతలో పెట్టుకుంటే, వారం తిరగకుండానే అన్ని ఇళ్ళ జాడీలూ కుళ్ళిపోయాయి. మాణిక్యమ్మ జాడీకీ అదే గతి పట్టింది. వరద రావడానికి ఎన్నో రోజులు లేవు.

అప్పుడు అచ్చాయమ్మ పెరడు పెరడుకూ తిరిగి, పారేయడానికి పోగేసిన కాయలను బుట్టకెత్తుకుంది. దెబ్బ తగిలిన మేర కోసి తీసేసి, మంచి ముక్కలను పొడిగుడ్డతో తుడిచి ఎండబెట్టింది. పాదున మిగిలిన దోసకాయలు, పచ్చిమిరపకాయలు చేర్చింది. నూనె లేకపోతే ఉప్పునీరే నూనె పని చేయాలన్నది ఆమె ఆలోచన. కల్లుప్పు వేసి కాచి చల్లార్చిన నీటితో పెద్దబాన నింపి ముక్కలన్నీ అందులో పోసింది. నవ్వనివారు లేరు. ఇదీ చెడిపోతే మళ్ళీ జాడీ ముట్టుకోవద్దని మాణిక్యమ్మ తేల్చి చెప్పింది. అచ్చాయమ్మ సరేనంది.

అయితే ముక్కలు పైకి తేలాయి. తేలిన ముక్కకు గాలి తగిలితే బూజు పట్టక మానదు. పైన బరువు పెడదామంటే లంకలో రాయి దొరకదు, తవ్వినకొద్దీ ఒండ్రుమట్టే. పచ్చి ఇటుక పెడితే కరిగింది. రుబ్బురోలు పొత్రం అడిగితే, ఆమె చేయి తగిలాక పిండి పులుస్తుందో లేదోనని ఎవరూ ఇవ్వలేదు, అత్త కూడా ఇవ్వలేదు. ఆ మధ్యాహ్నం ఆమె బాన పక్కనే చాప మీద ఒరిగి కునుకు తీసింది. కలలో ఒక పెద్ద ముత్తయిదువ కనిపించింది. కొంగు నడుముకు దోపుకుని ఉంది, మోచేతుల దాకా ఉప్పు మెరుస్తోంది.

“రేవులో నీ మడమ దిగబడ్డ చోట తవ్వు. నన్ను తెచ్చి పెట్టుకో. ఏరువాక పున్నమి దాకా మూత మాత్రం తీయనివ్వకు” అని ఆమె చెప్పింది.

అచ్చాయమ్మ లేచి రేవుకు పోయింది. ఒక చోట మడమ దిగబడింది. మోచేతి లోతు తవ్వేసరికి గుమ్మడికాయంత నల్లని గుండ్రాయి చేతికి తగిలింది. దాన్ని కడిగి, చెమ్మ పోయేదాకా ఎండలో ఉంచి, బానలో పెట్టింది. ముక్కలు అణిగి ఊట పైకి వచ్చింది. మూతికి గుడ్డ వాసెన కట్టి పైన మూత పెట్టింది. జ్యేష్ఠంలో వచ్చే ఏరువాక పున్నమికి ఇంకా ఇరవై ఒక్క రోజులు ఉన్నాయి.

నాలుగో రోజుకు బానలో బుడబుడమని చప్పుడు మొదలైంది. వాసెన తడిసి నురగ కారింది. ఘాటైన వాసన వీధి దాకా వచ్చింది. పెదకాపు సూరన్న ఇద్దరు మనుషులతో కావడి తీసుకుని వచ్చాడు. ఈ కుళ్ళుకు గత్తర రోగం తగిలితే ఊరు మిగలదు, బాన ఏట్లో పారబోస్తామన్నాడు. అచ్చాయమ్మ రెండు చేతులూ మూత మీద ఆనించి నిలబడింది. లోపల ఏం జరుగుతోందో ఆమెకూ తెలియదు.

“ముందు నన్ను ఏట్లో దింపండి సూరన్నగారూ. ఆ తరవాత బాన మీ ఇష్టం” అంది.

సూరన్న మాణిక్యమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపితే చాలు, బాన లేచిపోయేది. ఆమె వంగి వాసన చూసింది. రెండేళ్ళుగా తాను ఊరంతా చాటిన మాట ఒకవైపు, ముక్కు చెబుతున్న నిజం ఒకవైపు.

“ఇది కుళ్ళు వాసన కాదండీ, పులుపు వాసన. ఊరుతోంది, ఉండనివ్వండి” అంది చివరకు.

ఆనాటి నుంచి అత్త కూడా బాన దగ్గరే మసలసాగింది. పదో రోజున గిన్నెలు తోముతున్నదల్లా లేచి వచ్చి, ఎప్పటి అలవాటుగా మూత మీద చెయ్యి వేసింది. అచ్చాయమ్మ చటుక్కున ఆ మణికట్టు పట్టుకుంది. చేతి నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఇద్దరూ ఆ తడిచేతినే చూశారు. కిందటి ఏడూ అంతకుముందు ఏడూ కోడలు సరిగా పెట్టిందో లేదోనని ఈ చెయ్యే రోజూ జాడీ మూత తీసి చూసేది. మాణిక్యమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదని చెబుతారు.

ఏరువాక పున్నమినాడు ఊరంతా వాకిట్లో చేరింది. అచ్చాయమ్మ చేతులు తుడుచుకుని మూత తీసింది. ఊట తేటపడి ఉంది. ముక్క పచ్చగా, గట్టిగా, నోరూరించే పులుపుతో ఉంది. మొదటి ముక్క ఆమె అత్త చేతిలో పెట్టింది. మాణిక్యమ్మ దాన్ని తినకుండా ఊరివాళ్ళ వైపు తిరిగింది.

“ఆ రెండు జాడీలూ పాడుచేసింది ఈ పిల్ల చెయ్యి కాదు, నా చెయ్యి. నన్ను అనండి” అంది, అందరూ వినేలా.

ఆపైన ముక్క నోట్లో పెట్టుకుని ఏడ్చింది. అచ్చాయమ్మకూ ఏడుపు ఆగలేదు. బరువు రాయి తీయబోతే నలుగురు పట్టినా కదలలేదు. తల్లి ఇక్కడే కొలువుండదలచిందని గ్రహించి, రాయి చుట్టూ ఉన్న ముక్కలనే ఇంటింటికీ పంచారు. ఆ బాన మూడు నెలల వరదా గడిపింది, ఏట్లో వరద తీసిన రోజుకు గాని బాన అడుగు కనిపించలేదు. నడిమిలంక నాటి నుంచి బరువులమ్మలంక అయింది, ఆ వంటిల్లే గుడి అయింది.

నేటికీ ఏరువాక పున్నమికి ఇరవై ఒక్క రోజుల ముందు అమ్మవారి బానలో కొత్త ఊరగాయ పెడతారు. చేయి తిరిగినవారికి ఆ భాగ్యం లేదు. కిందటి ఏడు ఎవరి ఇంట ఊరగాయ పాడైందో ఆ ఇల్లాలి చేతనే పెట్టిస్తారు. పున్నమి దాకా మూత ఎవరూ తీయరు. ఇంతవరకు ఆ బాన ఒక్క ఏడూ చెడలేదు. తల్లిని నమ్మి మొదలుపెట్టిన పని మధ్యలో చెడదనీ, చెయ్యి మంచిది కాదని అనిపించుకున్నవారికి మంచిపేరు వస్తుందనీ భక్తుల విశ్వాసం.

బాన పెట్టే రోజున పూజారిణి గడపలో నిలబడి, కిందటి ఏడు ఎవరి జాడీకి బూజు పట్టిందమ్మా అని అడుగుతుంది. ఆడవాళ్ళు పోటీపడి చేతులెత్తుతారు. ఇంట్లో జాడీ నిండా చక్కగా ఊరిన ఆవకాయ ఉంచుకుని కూడా తమది పాడైందని చెప్పేవారు ఏటా ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ఆ ఒక్క అబద్ధాన్ని బరువులమ్మ తల్లి మన్నిస్తుందని ప్రతీతి.