దూదమ్మ గుమ్మం ముందు మట్టి

అనగనగా ఒక వెదురు అడవి. ఆ అడవి పల్లంలో, వాగుకు కాస్త ఎగువన, దూదమ్మ అనే కుందేలు తన ముగ్గురు పిల్లలతో బొరియలో ఉండేది.

ఒకరోజు పొద్దున్నే దూదమ్మ కాల్లో ముల్లు దిగింది. ఎంత లాగినా రాలేదు. పిల్లలేమో ఆకలని ఏడుపు. చేసేది లేక గడ్డి కోసం కుంటుకుంటూ బయల్దేరింది.

దారిలో రెండు జింకలు గుసగుసలాడుకుంటున్నాయి. దూదమ్మను చూడగానే గప్‌చుప్ అయిపోయాయి.

"నా కుంటినడక చూసి నవ్వుకుంటున్నారు, ఇంకేముంది!" అనుకుంది దూదమ్మ. పలకరించకుండానే వెళ్లిపోయింది.

ఇంకాస్త దూరం వెళ్లేసరికి మేడిచెట్టు మీంచి ఒక పండు దాని ముక్కు ముందే టప్పున పడింది. పైన కొమ్మ మీద కోతి కూర్చుని ఉంది.

"నన్నే కొట్టాలని చూసింది!" అని పళ్లు కొరికింది దూదమ్మ.

గడ్డి తీసుకుని ఇంటికొచ్చి చూస్తే గుమ్మం నిండా మట్టి. పక్కనే ముళ్లయ్య అనే ముసలి ముళ్లపంది గబగబా తవ్వుతున్నాడు.

"ఏం బాబాయ్! నా ఇల్లు కూలిస్తే గానీ నీకు నిద్ర పట్టదా?" అని అరిచింది దూదమ్మ.

"అది కాదే అమ్మా, నేను..."

"నాకేం చెప్పొద్దు. నడువు ఇక్కణ్నుంచి!"

ముళ్లయ్య తల దించుకుని వెళ్లిపోయాడు.

"ఈ ఇరుగుపొరుగుతో నా వల్ల కాదు. రేపే వాగు దాటి వెళ్లిపోదాం," అంది దూదమ్మ పిల్లలతో.

అప్పుడు చిన్నపిల్ల తల్లి పాదం చూసింది. "ఉండమ్మా," అంటూ ముల్లును పంటితో పట్టి లాగేసింది. హమ్మయ్య! దూదమ్మకు ప్రాణం లేచొచ్చింది. పిల్లలతో కలిసి నాలుగు గడ్డిపరకలు తిని, ఒక కునుకు తీసింది.

లేచి గుమ్మంలోకి వచ్చింది. అదే మట్టి. అదే గొయ్యి. కానీ ఇప్పుడు ఇంకోలా కనబడింది.

"ఇల్లు కూల్చేవాడైతే ఇంటివైపు తవ్వాలి కదా? ఇది వాగువైపు పోతోందేమిటి? పోనీ, వెళ్లి అడుగుదాం," అనుకుని బయల్దేరింది.

దారిలో జింకలే ముందు పలకరించాయి. "పొద్దున నీ మొహం చూసి భయమేసింది అక్కా. అందుకే నోరు మూసుకున్నాం," అన్నాయి. కోతినడిగితే బుర్ర గోక్కుంది. "పండా? ఏ పండు?"

ముళ్లయ్య ఒక రాయి చాటున మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

"తప్పయింది బాబాయ్. ఎందుకు తవ్వుతున్నావో అడగకుండానే అరిచేశాను. ఇప్పుడు చెప్పు."

"చీమలు గుడ్లు మోసుకుని గట్టెక్కుతున్నాయమ్మా. పెద్ద వాన వచ్చేలా ఉంది. నీ ఇల్లేమో పల్లంలో ఉంది. నీళ్లు వాగులోకి పోయేలా కాలువ తీద్దామనుకున్నా."

దూదమ్మ వెంటనే ఇంటివైపు తిరిగింది. "పద బాబాయ్, పద!"

ఇద్దరూ కలిసి తవ్వారు. కాలువ వాగును చేరిందో లేదో, ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన! నీళ్లు గుమ్మం దాకా వచ్చి, పక్కకు తిరిగి, కాలువలో పరుగెత్తాయి. బొరియలో ఒక్క గడ్డిపరక కూడా తడవలేదు.

ముళ్లయ్యను కూడా లోపలికి పిలిచారు. పిల్లలు ఓ మూలకు సర్దుకుని చోటిచ్చారు.

"బాబాయ్, మళ్లీ ఎప్పుడైనా నేను చిరాగ్గా ఉండి అరిస్తే వెళ్లిపోకు. కాసేపాగి మళ్లీ చెప్పు," అంది దూదమ్మ.

"చెబుతాలే అమ్మా. కాస్త దూరం నుంచి చెబుతా," అన్నాడు ముళ్లయ్య.

పిల్లలు కిలకిలా నవ్వారు.

నీతి: మనసు బాగాలేనప్పుడు ఎదుటివాళ్లు ఏం చేసినా చెడ్డగానే తోస్తుంది. కాసేపు ఆగి, అడిగి తెలుసుకున్నాకే ఒక అభిప్రాయానికి రావాలి.