కొమ్మన వైద్యుడు చూసిన నాడి

ముకుందాచార్యుల వారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాణ్ణి కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, ముందు ఊరి సంగతులు చెప్పమనేవారు. చాలామంది ఆ సంగతులు చెబుతూ చెబుతూ తాము అడగవలసింది వేరే ఉందని గ్రహించి, తలవంచుకుని లేచిపోయేవారు. ఇదంతా తెలిసి కూడా ఆయన పాత శిష్యుడు కొమ్మన వైద్యుడు ఒక వేసవి ఉదయం గురువుగారి గుమ్మం తొక్కాడు. ఏం చేస్తాడు పాపం, కంటికి సరిగా కునుకు పట్టి ఇరవై రోజులైంది.

ఆ సంస్థానంలో వైద్యులకు ఒక నియమం ఉండేది. ఒకసారి పట్టా పుచ్చుకున్నాం కదా అని కాళ్లు బారజాపుకుని కూర్చోవడానికి వీల్లేదు. పన్నెండేళ్లకోసారి కోటలో పరిషత్తు ముందు మళ్లీ పరీక్ష ఇవ్వాలి. నెగ్గితే పట్టా నిలుస్తుంది, లేకపోతే మందుల సంచి అటకెక్కుతుంది. నలభై అయిదేళ్ల కొమ్మన, మీసాలు సరిగా రాని కుర్రవాళ్ల పక్కన చాప మీద కూర్చుని ఆ పరీక్ష ఇచ్చాడు. జ్వరాల మీద అడిగిన ఒక ప్రశ్నకు అతనికి నోరు పెగల్లేదు. పక్కవాడు దాన్ని గడగడా అప్పజెప్పేశాడు. ఇక ఊళ్లోవాళ్లతో శ్రీశైలం వెళ్తున్నానని చెప్పి బయలుదేరిన మనిషి కదా, వచ్చేటప్పుడు కోట బజారులో పటికబెల్లం కొని ప్రసాదమని పంచాడు. ముసలివాళ్లు దాన్ని కళ్లకద్దుకుంటుంటే అతనికి చచ్చేంత సిగ్గేసింది. ఫలితం పున్నమికి వస్తుంది. పున్నమికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

"స్వామీ, ఈ తొమ్మిది రోజులూ గడిచేదెలా? మనసు నిలవడం లేదు," అని అడిగాడు.

ఆచార్యుల వారు మజ్జిగ ఇప్పించి, ఊరి సంగతులు చెప్పమన్నారు.

ఊరి సంగతులైతే కొమ్మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి. తాను పరీక్ష ఇచ్చి వచ్చినప్పటి నుంచి ఊరికి ఏదో లోపలి జ్వరం పట్టుకుందన్నాడు. ఒళ్లు కాలదు, నోరు చేదెక్కదు, కానీ ఎవరి నాడి పట్టుకున్నా పరుగే. లంఖణం పరమౌషధం కనుక వచ్చినవాళ్లందరినీ పస్తులుంచుతున్నాడు. వైద్యుడి ఇంటికి వెళ్తే పొయ్యి ఆర్పుకున్నట్టేనని ఊళ్లో వేళాకోళం కూడా మొదలైందట. అది చెప్పేటప్పుడు అతని గొంతులో కాస్త గర్వం లేకపోలేదు. మనసు బాగా లేకపోయినా పని మానలేదు మరి. నేతపని చేసే ఓబులేసు కోడలు నాగమ్మకు పురుడు వచ్చి నెల కాలేదు. ఆమెకూ అదే నాడి. నాలుగు రోజులుగా జావనీళ్లు తప్ప మరేమీ ఇవ్వవద్దన్నాడు. పాలు తగ్గిపోయి బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోందని ఆమె అత్త వచ్చి మొరపెట్టుకుంది. "ఒళ్లు చల్లగానే ఉంది కదయ్యా, ఇంత ముద్ద పెట్టకూడదా?" అంటే, వైద్యం నీకు తెలుసా నాకు తెలుసా అని కసిరి పంపాడు.

ఆచార్యుల వారు అంతా విన్నారు. తనకూ ఒంట్లో నలతగా ఉంది, చూడమని కుడిచెయ్యి చాపారు.

కొమ్మన నాడి నేర్చుకున్నది ఆ చేతి మీదే. అయితే ఈ మధ్య అతని వేళ్లు వణుకుతున్నాయి. రోగి కంటపడితే పరువు పోతుందని, మూడు వేళ్లు ఆనించడం మానేసి, మణికట్టును పిడికిట బిగించి బొటనవేలు అదిమి చూస్తున్నాడు. ఇప్పుడూ అలాగే పట్టుకున్నాడు. పట్టుకోగానే అతని ముఖం పాలిపోయింది. ఎనభై దాటిన ఆ చేతిలో నాడి దౌడు తీస్తోంది. మీక్కూడా వచ్చింది స్వామీ అన్నాడు.

"బొటనవేలు తియ్యి," అన్నారు ఆచార్యుల వారు.

తీశాడు. మూడు వేళ్లు ఆనించాడు. అవి వణుకుతూనే ఉన్నాయి, అయినా వాటి కింద ముసలి నాడి తెలిసింది, ఇంటికి మళ్లిన ఎద్దులా తీరిగ్గా నడుస్తోంది. బొటనవేలు అదిమితే మళ్లీ పరుగు. తీస్తే నిదానం. బొటనవేలికి సొంత నాడి ఉంటుందని, దానితో రోగిని చూడరాదని విద్యార్థికి మొదటి వారంలోనే చెబుతారు. ఇరవై రోజులుగా ఊరివాళ్ల చేతులు పట్టుకుని అతను చూసింది తన గుండెదడనే.

సిగ్గంటే ఏమిటో కొమ్మనకు అప్పుడు తెలిసింది. పరిషత్తులో నోరు పెగలకపోవడం దీని ముందు ఏపాటి? ఆకలేస్తోందని బతిమాలిన ముఖాలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. భయం తనది, పస్తులు వాళ్లవి. గురువుగారి చెయ్యి ఇంకా తన చేతిలోనే ఉంది, తలెత్తి ఆయన వైపు చూడడానికి అతనికి ముఖం చెల్లలేదు.

నేలచూపులు చూస్తూనే ఒక ఉపాయం చెప్పాడు. ఊళ్లో తప్పు ఒప్పుకుంటాడు, తప్పకుండా ఒప్పుకుంటాడు. కానీ ఇప్పుడే కాదు. ఇప్పుడు నోరు విప్పితే శ్రీశైలం సంగతి, పరీక్ష సంగతి అన్నీ బయటపడతాయి. ఆ పైన పట్టా కూడా పోతే ఇక ఆ వీధిలో నడవలేడు. పున్నమి వెళ్లనిచ్చి, నెగ్గానన్న కబురు వచ్చాక చెబితే కాస్త తేలిక. ఈలోగా ఎవరికీ అనుమానం రాకుండా పథ్యాలు కొద్దికొద్దిగా సడలిస్తాడు.

ఆచార్యుల వారు కోప్పడలేదు. గోడ పట్టుకుని లేచి, వాకిట్లోకి వెళ్లి, కొమ్మన చెప్పులు తన చేత్తో తెచ్చి అతని ముందు పెట్టారు. కొమ్మన ఒళ్లంతా కుంచించుకుపోయి లేచి నిలబడ్డాడు.

"ఫలితం కోసం నువ్వు పున్నమి దాకా ఆగగలవు, నాయనా," అన్నారు ఆయన. "పాల కోసం ఆ పసిగుడ్డు ఎందాకా ఆగుతుంది?"