నాలుగు సెల్లుల బరువు

బొమ్మరైలు ఇంజిను చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి. బండి మాత్రం ఉన్నచోటే ఉంది. ఏం చూశారో చెప్పండి. ఊరికే తల ఊపొద్దు, నోరు తెరిచి చెప్పండి. మోటారుకు బలం చాల్లేదు, అంతేనా? ఓబులేసు కూడా అదే అన్నాడు. మూడు మోటార్లు మార్చి, మూడుసార్లూ అదే అన్నాడు.

డోన్ స్టేషన్ వెనక వీధిలో హుసేనప్ప కొట్టు. ముప్పై ఏళ్లు లోకోషెడ్డులో ఫిట్టరుగా చేసి దిగిన మనిషి. ఇప్పుడు కాలిపోయిన మోటార్లకు మళ్లీ తీగ చుట్టి బతికిస్తుంటాడు. ఆయన దగ్గర పని నేర్చుకునేవాళ్లు ఆయన్ను ఉస్తాద్ అంటారు. గురువారం సాయంత్రాలు దర్గా మెట్ల మీద ఆయన పక్కన కూర్చునేవాళ్లూ ఉస్తాద్ అనే అంటారు. రెండుచోట్లా ఆయన మాట్లాడేది తక్కువే.

ఓబులేసు మూడేళ్లుగా ఆయన శిష్యుడు. భార్య పోయిన నెలలోనే వచ్చాడు. నాలుగేళ్ల కూతురు చెంచును బనగానపల్లెలో అక్క మద్దమ్మ ఇంట్లో దించి మరీ వచ్చాడు.

"పని పట్టుబడాలంటే చేతులు ఖాళీగా ఉండాల ఉస్తాద్" అన్నాడు ఆ రోజు.

ఉస్తాద్ కూర్చోమని పీట చూపించాడు. కొట్టు వెనక గదిలో పడుకోమన్నాడు.

పని పట్టుబడింది. దాంతోపాటు కాస్త పొగరు కూడా పట్టుబడింది.

చెంచుకు ఇప్పుడు ఏడేళ్లు. ఏడాదికి రెండుసార్లు సెలవులకు వస్తుంది. వేసవిలో వచ్చినప్పుడు ఓబులేసు ఒక రైలుబండి చేసిపెట్టాడు. గోడకు ట్రాన్స్‌ఫార్మరు, అక్కణ్ణుంచి పట్టాల దాకా తీగలు. రెండోరోజే పిల్ల ఆ తీగ కాలికి తగిలి బోర్లా పడింది. ముందుపన్ను ఊడింది. దసరాకు తీగే లేని బండి చేసిస్తానని ఓబులేసు మాటిచ్చాడు.

దసరా సెలవులు పది రోజులు. తొమ్మిది అయిపోయాయి. ఈ రోజు మద్దమ్మ వచ్చి నాలుగు గంటల బస్సుకు పిల్లను తీసుకుపోతుంది. టైము మూడు దాటింది.

చెంచు పట్టాల పక్కనే బోర్లా పడుకొని ఉంది. ఐదు పెట్టెల్లోనూ వేయించిన శనక్కాయలు నింపి, బండి కోసం చూస్తోంది.

"నాయనా, ఇంజినుకు పోవాలంటే భయమా?"

"ఉండమ్మా."

"తీగ లేని బండి అన్నావు. ఇదేంది మరి?"

ఇంజిను వెనకే టార్చి సెల్లులు పెట్టిన ఇంకో పెట్టె ఉంది. దాన్నుంచి ఇంజినుకు వెంట్రుకల్లాంటి తీగలు రెండు వేలాడుతున్నాయి.

"అది గోడకు పోయే తీగ కాదులే."

"తీగ తీగే కదా?"

మూల కూర్చున్న ఉస్తాద్ టీ గ్లాసులోకి నవ్వాడు. ఓబులేసు చెవులు ఎర్రబడ్డాయి.

"మోటారుకు బలం చాల్లేదు ఉస్తాద్. మొదట టేపురికార్డరుది వేసినా. తర్వాత బొమ్మకారుది. ఇది షేవింగ్ మిషనుది, మూడింట్లో ఇదే గట్టిది. అయినా చాల్లేదు."

"ఇంజిను ఏమైనా బరువా?"

ఆ మాట కోసమే కాచుకున్నట్టు ఓబులేసు ఇంజిను ఎత్తి అరచేతిలో పెట్టి చూపించాడు. "కూల్‌డ్రింకు డబ్బా రేకుతో చేసినా. చేతిలో ఉన్నట్టే తెలీదు. నాలుగు టార్చి సెల్లులూ తీసి వెనక పెట్టెకు ఎక్కించినా. ఇంజిను పని లాగడం ఉస్తాద్, మోయడం కాదు."

"అట్లనా" అన్నాడు ఉస్తాద్.

ఓబులేసు ఇంజిను పట్టాల మీద పెట్టి మళ్లీ స్విచ్చి వేశాడు. చక్రాలు సర్రుమని జారుతూ తిరిగాయి. వెనక పెట్టెల్లో ఒక్క శనక్కాయ కూడా కదల్లేదు.

ఉస్తాద్ గ్లాసు కింద పెట్టి వచ్చి పట్టాల ముందు కూర్చున్నాడు. మోకాళ్లు టకటకమన్నాయి. స్విచ్చి ఆపాడు. కటింగు ప్లయరు తీసుకొని ఆ రెండు తీగలనూ కత్తిరించాడు.

"ఉస్తాద్!"

ఆయన తల ఎత్తలేదు. సెల్లులున్న పెట్టెను విడదీసి పక్కన పెట్టాడు. నాలుగు సెల్లులనూ ఇంజిను నెత్తిన పేర్చాడు. భుజం మీది తువ్వాలు అంచు చింపి గట్టిగా కట్టాడు. కత్తిరించిన తీగలను పొట్టిచేసి కలిపాడు. ఇంజినుకు శనక్కాయల పెట్టెలు తగిలించాడు. రేకు కిర్రుమంది.

"అణిగిపోతుంది ఉస్తాద్. అది తట్టుకోలేదు."

"నొక్కు తల్లీ" అన్నాడు ఉస్తాద్ చెంచుతో.

చెంచు స్విచ్చి నొక్కింది.

ఇంజిను ఒకసారి మూలిగింది. ఈసారి చక్రాలు జారలేదు, పట్టాలను కరుచుకొని కదిలాయి. మెల్లగా, గునుస్తూ, ఒక పెట్టె వెనక ఒక పెట్టెను లాక్కుంటూ బయల్దేరింది. మలుపు దగ్గర వంగి, పీట కాళ్ల కింద దూరి, అవతల బయటికొచ్చింది. చెంచు పాక్కుంటూ దాని వెంట పోయింది.

"తీగ లేదు నాయనా! నిజంగానే లేదు!"

ఓబులేసు వంగి చూశాడు. అదే మోటారు. అవే సెల్లులు.

ఉస్తాద్ తిరిగి తన మూలకు పోయి చల్లారిన టీ అందుకున్నాడు.

"ఇంతసేపూ దాన్ని ఆపింది బరువు కాదప్పా" అన్నాడు. "బరువు లేకపోవడం."

బండి రెండు చుట్లు తిరిగింది. ఓబులేసు చూపు బండి మీద లేదు, దాని వెంట పాకుతున్న చెంచు మీద ఉంది.

బయట ఆటో ఆగింది. మద్దమ్మ గడప దగ్గరే నిలబడి కేక వేసింది. "ఓబులేసూ, టైమయింది! బస్సు మనకోసం కాచుకోదు. పాప సంచి ఇట్లియ్యి."

ఎవరూ చెప్పకుండానే చెంచు బండి ఆపింది. పట్టాలు ఒక్కొక్కటీ ఊడదీసి గోడ పక్కన పేర్చడం మొదలుపెట్టింది. ఏడవలేదు. అలవాటైన పనిలా చేసుకుపోతోంది.

ఓబులేసు ఆ చేతులనే కాసేపు చూశాడు. తర్వాత లేచి, సర్దిపెట్టిన పిల్ల సంచి భుజాన వేసుకొని వెనక గది వైపు నడిచాడు.

"అటు కాదు, ఆటో ఇటుంది" అంది మద్దమ్మ.

"తెలుసక్కా."

"తెలిసి ఏడకు పోతావు? రేపు దీనికి బడి ఉంది."

"ఈడ బడి లేదా అక్కా?"

మద్దమ్మ నడుం మీద చేయి పెట్టుకుంది. "మూడేళ్లకు గుర్తొచ్చిందా బిడ్డ ఉందని? జడ ఎయ్యడం వచ్చునా నీకు? జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంటావా? చేతులు ఖాళీగా ఉండాల అంటివే, నీ పని ఏం కావాల?"

పట్టా ముక్క చేతిలో పట్టుకొని చెంచు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

"కూర్చో తల్లీ" అన్నాడు ఉస్తాద్ మద్దమ్మతో. శనక్కాయల పెట్టె ఒకటి అందుకొని ఆమె ముందు పెట్టాడు. "తిను. రైల్లో వచ్చినాయి."

మద్దమ్మకు నవ్వొచ్చింది, ఆపుకుంది. ఆటోవాడు హారను కొట్టాడు. ఆమె వాడికేసి చూడలేదు. ఆమెకు జవాబు కావాలి.

ఓబులేసు గది వాకిట్లో, భుజాన సంచితో నిలబడి ఉన్నాడు. మీరైతే ఆమెకు ఏం చెప్పేవారు?