తలుపు అడుగున కన్నాలు

కోటిలింగాన్ని ఒక కారు ఓడించింది.

ఓడించడమంటే అలా ఇలా కాదు. బాపట్ల చుట్టుపక్కల ఏ బండిలో చుక్క నీరు కారినా, వాసన చూసి అది ఏ మూలనుంచి వచ్చిందో చెప్పగల మనిషి అతను. చీరాల దాకా అతని పేరు వింటే కారే నీళ్లు కూడా మధ్యలో ఆగి, వెనక్కి పోదామా అని ఆలోచించేవి. అలాంటివాడు హెడ్‌మిస్ట్రెస్ కాంతమ్మగారి తెల్లకారు ముందు మూడోసారి చతికిలబడ్డాడు.

మొదటిసారి వచ్చినప్పుడు డ్రైవరు కాళ్ల కింది పట్టా కాస్త చెమ్మగా ఉంది, అంతే. కోటిలింగం ముందు అద్దం చుట్టూ సిలికాన్ పేస్టు పెట్టి పంపాడు. రెండోసారి వచ్చేసరికి పట్టా పిండితే చెంబెడు నీళ్లు. ఈసారి తలుపుల చుట్టూ, పైనా, కిందా, చీమ దూరే సందు కనబడితే చాలు, పేస్టు కుక్కాడు. ఒక ట్యూబు కాదు, రెండు కాదు, ఊళ్లో కొట్లన్నీ ఖాళీ అయ్యేటన్ని ట్యూబులు.

ఆ కార్తీకంలో పట్టిన వాన మామూలు వాన కాదు. కప్పలే విసుగెత్తి అరుగులెక్కి కూర్చున్నాయి. ఆ వానలో మూడోసారి వచ్చిన కాంతమ్మగారు చెప్పులు చేత్తో పట్టుకుని కారు దిగింది.

"ఏమయ్యా కోటిలింగం, బ్రేకు తొక్కుదామని కాలు పెడితే చేప కరిచింది. నువ్వు ఇంకొక్కసారి బాగు చేశావంటే మా బడిపిల్లల్ని ఈతకి ఇందులోకే తీసుకురావాలి."

షెడ్డులో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. కోటిలింగం నవ్వలేదు. అతను నవ్వి నాలుగు నెలలైంది.

ఏడ్చిందీ లేదు.

నాలుగు నెలల కిందట అతని భార్య సుభాషిణి పోయింది. పెద్దకర్మ అయిన మర్నాడే కోటిలింగం పనిలోకి వచ్చేశాడు. గట్టివాడురా అనుకున్నారంతా. గట్టివాడన్న మాట బజారంతా తిరిగి, మళ్లీ అతని చెవిలోనే పడింది. అతనూ అదే నిజమనుకున్నాడు.

ఆ షెడ్డు రైల్వేగేటు పక్కన, దరియావలి ఉస్తాద్‌ది. ఉస్తాద్ వయసెంతో ఉస్తాద్‌కే తెలియదు. అడిగితే, భూమ్మీద మొట్టమొదటి కారుకి గాలి కొట్టింది నేనేగా అనేవాడు. శుక్రవారం దర్గాకి పోయేవాడు, మిగతా ఆరు రోజులూ కార్ల కింద పడుకునేవాడు. రెండుచోట్లా ఒకే మౌనం. పదకొండేళ్ల కిందట కోటిలింగానికి పని నేర్పింది ఆయనే.

ఆయన పద్ధతి ఒకటుంది. లీకు పట్టాలంటే కారు లోపల అతుకుల వెంట ముగ్గుపిండి చల్లాలి. పట్టేవాడు లోపల కూర్చుని అద్దాలు బిగించుకోవాలి. ఇంకొకరు బయటనుంచి పైపుతో నీళ్లు పోయాలి, ముందు కిందనుంచి, మెల్లగా పైకి. నీరు ఎక్కడ దిగితే అక్కడ పిండిమీద గీత పడుతుంది. ఎంతసేపైనా సరే, ఆ గీత పడేదాకా లోపలివాడు కదలకూడదు.

ఈ నాలుగు నెలలుగా కోటిలింగం లోపల కూర్చోవడం మానేశాడు.

"లోపల కూర్చుని చూసేదేముంది? బయటనుంచే తెలిసిపోతోంది నాకు" అనేవాడు. పొగరు తలకెక్కిందన్నారు షెడ్డులోవాళ్లు.

ఆ మధ్యాహ్నం కాంతమ్మగారు బల్లమీద కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే, కోటిలింగం ఉస్తాద్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"ఉస్తాద్, కనబడ్డ కన్నమల్లా మూశాను. ఇంకా ఎక్కణ్ణుంచి వస్తున్నాయి నీళ్లు?"

ఉస్తాద్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"మీ అత్త ఎలా ఉందిరా?"

కోటిలింగానికి చిర్రెత్తింది. తను కారు సంగతి అడిగితే ఈయన అత్త సంగతి అడుగుతాడు.

"వెళ్లిపోతోంది. ఐదింటి బస్సుకి. రేపల్లెలో ఆడపడుచు ఇంటికట."

"ఎందుకు?"

"ఏమో ఉస్తాద్. తిండికి లోటు చేయలేదు, మందులు తెస్తున్నాను, ఒక్క మాట అన్నది లేదు. ఏడవద్దన్నాను, అంతే. అదీ తప్పేనా?"

అత్త నాంచారమ్మ అతనికి సొంత మేనత్తే. తల్లి లేని పిల్లవాడని చంకనేసుకుని పెంచి, కూతుర్నిచ్చి చేసింది. ఒకప్పుడు ఆవిడ నవ్వితే రైలుకూత వినబడేది కాదు, అంత నోరు. ఇప్పుడు ఆ ఇంట్లో గిన్నె కింద పెట్టినా చప్పుడు లేదు.

పెద్దకర్మ నాటి రాత్రే కోటిలింగం సుభాషిణి చీరలూ, దువ్వెనా, ఫొటో, అన్నీ ట్రంకుపెట్టెలో పడేసి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. ఒక్క చీర ఇవ్వరా, తలకింద పెట్టుకుంటానని నాంచారమ్మ అడిగితే, "ఎందుకత్తా, చూసుకుని ఏడవడానికా?" అన్నాడు.

ఈ పొద్దున సంచి సర్దుకుంటూ ఆవిడ అన్న మాట అతని చెవుల్లోనే ఉంది.

"నీ తప్పేం లేదురా కోటీ. ఈ ఇంట్లో నా కూతురు చచ్చిపోయినట్టు లేదు. అసలు పుట్టనే పుట్టనట్టుంది. ఇక్కడుంటే నేనూ దాన్ని మర్చిపోతానేమోనని భయం."

ఈ మాట ఉస్తాద్‌కి చెప్పలేదు. చెప్పకపోయినా ఆయన లేచాడు. గోడకి గుచ్చిన దబ్బనం తీసుకుని కారు దగ్గరికి నడిచాడు. డ్రైవరు తలుపు తెరిచి, దాని ముందు గొంతుక్కూర్చుని, తలుపు అడుగు అంచు వెంట వేలితో తడిమాడు. ఒకచోట వేలు ఆగింది. అక్కడ పేస్టులోకి దబ్బనం దించి, లాగేశాడు.

నీళ్లు దూకాయి. ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ ఒక్కసారి ఎత్తినట్టు దూకాయి. ఎర్రగా, తుప్పు వాసనతో, కుళ్లిన వాసనతో. కాంతమ్మగారు పేపర్లు ఎత్తి పట్టుకుని బల్లమీద కాళ్లు ముడుచుకుంది. ఒక్క తలుపులో అంత నీరు ఎలా ఇమిడిందో ఆ తలుపుకే తెలియాలి.

"ఇది మూసిందెవరు?" అన్నాడు ఉస్తాద్.

"నేనే. దీంట్లోంచి నీళ్లు కారుతుంటే..."

"కారుతుంటే?"

కోటిలింగం ఆ కన్నం వంక చూశాడు. పనిలో చేరిన మొదటి వారంలో నేర్చుకున్న సంగతి అది. కళ్లు మూసుకుని చెప్పగలడు. అయినా నాలుగు తలుపుల కన్నాలూ తన చేత్తోనే మూశాడు.

"తలుపు చేసినవాడికి తెలుసురా, అద్దం పక్కనుంచి నీళ్లు దిగుతాయని" అన్నాడు ఉస్తాద్. "అందుకే అడుగున కన్నాలు పెట్టాడు."

మిగతా మూడు తలుపులకీ దబ్బనం పెట్టి వచ్చాడు. నీరంతా పోయింది.

"మరి మొదట్లో వచ్చిన చెమ్మ?"

"అది వేరే. కూర్చో లోపల."

కోటిలింగం కదల్లేదు.

"నేను నీళ్లు పోస్తాను. మీరు కూర్చోండి ఉస్తాద్."

"నా మోకాళ్లు వంగవు."

ఇప్పుడే కదా నాలుగు తలుపుల ముందూ గొంతుక్కూర్చుని లేచాడు! అయినా ఉస్తాద్‌తో ఆ మాట ఎవరంటారు?

కోటిలింగం డ్రైవరు తలుపు లోపలి ప్యాడ్ విప్పాడు. ముగ్గుపిండి చల్లాడు. ఎక్కి కూర్చున్నాడు. ఉస్తాద్ తన చేత్తోనే తలుపు వేశాడు.

నీళ్లు మొదలయ్యాయి. ముందు చక్రాల మీద, తర్వాత తలుపు మీద. అద్దాలు మసకబారాయి. షెడ్డు కనబడటం మానేసింది. ఆ పైన నీళ్లు కారు కప్పు మీదికి ఎక్కాయి.

అదే చప్పుడు.

ఆ రోజూ పట్టపగలే. ఇలాంటి వానే. బాడుగ కారులో గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. వెనక సీట్లో సుభాషిణి తల అతని ఒళ్లో ఉంది. ముందు సీట్లోంచి నాంచారమ్మ వెనక్కి తిరిగి ఏడుస్తోంది.

"ఏడవకత్తా. నువ్వేడిస్తే అది భయపడుతుంది. ఏం కాదు, ఏడవకు."

పొన్నూరు దాటాక సుభాషిణి చెయ్యి అతని చేతిలో వదులైంది. అతనికి తెలిసింది. డ్రైవరుకి చెప్పలేదు, అత్తకి చెప్పలేదు. చెయ్యి అలాగే పట్టుకుని, "ఏడవకత్తా, ఏం కాదు" అంటూనే ఉన్నాడు. గుంటూరు దాకా.

ఇందులో పెంచి చెప్పడానికేమీ లేదు.

కారు కప్పు మీద నీళ్లు పడుతూనే ఉన్నాయి. కోటిలింగం స్టీరింగుకి నుదురు ఆనించాడు. లోపలనుంచి ఏదో చప్పుడు వచ్చింది. తనదేనని అతనికి తెలియడానికి కొంతసేపు పట్టింది.

అద్దం అవతల కాంతమ్మగారి గొంతు, బావిలోంచి వచ్చినట్టు వినబడింది.

"ఇంకా ఎంతసేపండీ సాయబుగారూ? కారు అరిగిపోయేట్టుంది."

"లీకు ఇంకా దొరకలేదమ్మా."

"లోపల మనిషి ఉన్నాడా, లేడా?"

"ఉన్నాడు. పని చేసుకుంటున్నాడు."

ఆవిడ మళ్లీ పేపర్ల మీదికి వంగింది. ఉస్తాద్ పైపు దించలేదు. ట్యాంకు ఖాళీ అయింది, మళ్లీ నింపించాడు. ఆ రోజు ఆ షెడ్డులో పారిన నీళ్లతో రెండు మడులకి నాట్లు వేయొచ్చు.

చివరికి కోటిలింగం తల ఎత్తాడు. మొహం తుడుచుకుంటూ చూస్తే, తలుపు మూల ముగ్గుపిండిలో సన్నటి గీత. ప్యాడ్ వెనక, నీళ్లు లోపలికి రాకుండా అతికించే ప్లాస్టిక్ కాగితం ఒకచోట ఊడింది. చిటికెన వేలంత. ఇన్ని ట్యూబుల పేస్టుకీ అసలు కారణం అంతే.

తలుపు తెరిచాడు.

"దొరికిందా?" అన్నాడు ఉస్తాద్.

"దొరికింది."

ఉస్తాద్ అతని మొహంలోకి చూడలేదు. భుజం మీది తువ్వాలు తీసి అటు తిరిగే అందించాడు.

"అది నేను అతికిస్తాలే. నువ్వు పో. నాలుగున్నరైంది."

కోటిలింగం వానలో నడిచాడు. గొడుగు షెడ్డులోనే ఉండిపోయింది.

నాంచారమ్మ గడపలో కూర్చుని ఉంది. పక్కన సంచి, సంచి మీద గొడుగు. అల్లుణ్ణి చూసి లేవబోయింది.

"బస్సు దాకా దింపుతావా కోటీ? వానగా ఉంది."

కోటిలింగం మొలతాడుకున్న తాళంచెవి విప్పబోయాడు. ముడి తడికి బిగిసిపోయి రాలేదు. పళ్లతో కొరికి తెంపాడు. తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ దాన్ని చూసింది. అతని కళ్ల వంక చూసింది. లోపలికి వెళ్లింది. ట్రంకుపెట్టె మూత కిర్రుమంది. అప్పుడు, నాలుగు నెలల తర్వాత, నాంచారమ్మ గొంతెత్తింది. వీధి చివర రైల్వేగేటు దాకా వినబడేటంత గొంతు.

కోటిలింగం లోపలికి వెళ్లి ఆవిడ పక్కన కింద కూర్చున్నాడు. ఎప్పుడూ అనే ఆ మాట అనలేదు. సుభాషిణి నీలంచీర ఒక కొస ఆవిడ చేతిలో ఉంటే, రెండో కొస అతను తీసుకున్నాడు.

ఐదింటి బస్సు సందు మొగలో ఆగి, రెండుసార్లు హారన్ కొట్టి, వెళ్లిపోయింది. ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు.