జోడిపి గొర్రె మూతి మీది మసి

ఒరే అబ్బయా, దుప్పటంతా నీ మీదికే లాక్కుంటావేం? పక్కన చెల్లెలు వణుకుతోంది, కనపడటం లేదా? సగం అటు వదులు. వదిలాక కథ విను.

ఒకప్పుడు నెల్లూరు సీమ గొర్రెలన్నిటికీ ఒళ్ళంతా ఉన్ని ఉండేది. మూతి కూడా పాలలా తెల్లగా ఉండేది.

ఉదయగిరి కొండల కింద పోలయ్య, చెంచమ్మ అనే ఆలుమగలు మంద మేపుకునేవాళ్ళు. ఆ మందలో ఒక కట్టుబాటు ఉంది. వానలకు ముందు గొర్రెలన్నిటినీ వాగులో కడిగి, ఇసుకలో ఆరబెట్టి, ఉన్ని కత్తిరించాలి. అందరి ఉన్నీ కలిపి ఒకే గొంగళి నెయ్యాలి. వానాకాలంలో ఎవరి పిల్ల పుట్టినా ఆ గొంగళే కప్పాలి. జబ్బు గొర్రె మీద మాత్రం కత్తెర పెట్టకూడదు.

ముత్తెం అనే గొర్రెకు తన ఉన్నంటే మహా మురిపెం. "ఎవరి పిల్లకో కప్పడానికి నా ఉన్ని నేనెందుకియ్యాలి?" అనుకుంది. కత్తిరించే రోజున చెంచమ్మ పొయ్యి దగ్గరికి పోయి, కళ్ళచుట్టూ మూతిచుట్టూ మసి రుద్దుకుంది. కాళ్ళకూ పొట్టకూ కూడా కాస్త అంటింది.

"ఏమే, దీనికి మూతిపుండ్లు లేచినట్టున్నాయే!" అన్నాడు పోలయ్య.

"అయ్యో! పక్కన కట్టెయ్యి మావా, మిగతావాటికి అంటుకుంటుంది" అంది చెంచమ్మ.

ఒక ముసలి గొర్రె అటు చూసి నవ్వింది. "ఏమ్మే ముత్తెం, పుండ్ల నోటితో గడ్డి భలే లాగిస్తున్నావే!"

ముత్తెం వినపడనట్టు నములుతూనే ఉంది.

ఒక గొర్రె ఉన్ని తక్కువైంది. ఎంత నేసినా గొంగళి మధ్యలో పెద్ద కంత మిగిలిపోయింది.

వానలు పట్టాయి. మొదట ఈనింది ముత్తెమే. చెంచమ్మ పరుగున వచ్చి పిల్లకు గొంగళి కప్పింది. వాన కంతలోంచి తొంగిచూసి, "ఇక్కడ దారి ఉందే!" అంటూ పిల్ల మీదికి దూకింది. పిల్ల గజగజ వణికింది. దాని అరుపు సన్నబడిపోయింది.

"వానా, నీకు దండం పెడతాను, ఆగవే!" అంది ముత్తెం.

"దారి విడిచింది నువ్వు. నన్నంటావేం?" అంది వాన.

ముత్తెం పోలయ్య కాళ్ళ మీద పడింది. "అయ్యా, నాకు పుండ్లు లేవు. ఇది పొయ్యి మసి. నా ఉన్నంతా తీసుకో. నా బిడ్డను బతికించు."

పోలయ్య దాన్ని దగ్గరికి లాక్కున్నాడు. కత్తెర తీశాడు. పిల్ల తల్లి రొమ్ములో మూతి దాచుకుని ఉంటే, అక్కడ మాత్రం గుప్పెడు వదిలేశాడు. చెంచమ్మ ఆ ఉన్ని కుక్కి కంత కుట్టింది. కాసేపటికి పిల్ల వెచ్చబడింది, లేచి నిలబడింది, తోక ఆడిస్తూ పాలు తాగింది. ముత్తెం మనసు చల్లబడింది.

అప్పుడు గొంగళిలోంచి ఉన్ని పలికింది. "నా కోసం అబద్ధమాడావు. ఇక నీ ఒంటి మీద మొలవను."

ముత్తెం వాగులో మూతి కడుక్కోబోయింది. "పిలిచి పూసుకున్నావుగా, నేనెక్కడికీ పోను" అంది మసి.

అప్పటినుంచే ముత్తెం కడుపున పుట్టిన జోడిపి జాతి గొర్రెకు కళ్ళచుట్టూ మూతిచుట్టూ నలుపు. రొమ్ము మీద గుప్పెడు బొచ్చు, పిల్ల మూతి దాచుకునేంత. మిగతా ఒళ్ళంతా నున్నన. వాన పడితే ప్రతి చినుకూ దాని తోలు మీదే పడుతుంది.